మైనస్ వైపు ముల్లు

తెలంగాణ ఉద్యమంలో జనం నా కారును రథంలా నెట్టుకుంటూ సిరిసిల్ల వీధుల్లో ఊరేగించారు. ఈ మాట నేను చాలాచోట్ల చెప్పాను. కోరుట్ల బస్టాండు ముందు టీ హోటల్లో చెప్పాను. పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చున్నప్పుడు చెప్పాను. వేములవాడ దర్శనం వరుసలో నా ముందు నిలబడ్డ పరాయి మనిషికి కూడా చెప్పాను. స్టీరింగు ముందు నేను, బానెట్ నిండా తంగేడు పూలు, పట్టపగలే వెలుగుతున్న హెడ్‌లైట్లు, టాపు మీద మైకు గొట్టాలు, చుట్టూ తలల మీద బతుకమ్మలు పెట్టుకున్న ఆడవాళ్ళు, వెనక భుజాలు ఆనించి నెడుతున్న మగవాళ్ళు. ఇంజను చప్పుడు లేదు, పొగ లేదు. వట్టి జనబలంతో నడిచింది నా బండి. వింటున్న మనిషి కళ్ళలో కొంచెం తడి కనిపిస్తే ఇంకో మాట కలిపేవాణ్ణి: "దానికి డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టింది కూడా నేనే, నా రెండు చేతులతో."

ఇందులో పూలు నిజం. హెడ్‌లైట్లు నిజం. జనం నెట్టడమూ నిజమే. ఎందుకు నెట్టారు అన్న దగ్గరే కొంచెం సాగదీశాను. ఆల్టర్నేటర్ విషయంలో ఇంకొంచెం ఎక్కువ సాగదీశాను. చెప్పగా చెప్పగా, ఏది జరిగింది, ఏది నేను కలిపింది అన్నది ఇప్పుడు నాకే తికమకగా ఉంది. పూర్తిగా కలిసిపోకముందే వరుసగా రాసిపెడదామని కూర్చున్నాను.

నేను జగిత్యాలలో ఒక డాక్టరుగారి దగ్గర డ్రైవరుగా పనిచేశాను. మా వంశంలో భూమి ఉన్నవాళ్ళు లేరు, బండి ఉన్నవాళ్ళు అసలే లేరు. డాక్టరుగారు కొత్త కారు కొన్నప్పుడు పాత అంబాసిడర్‌ను ఎవరూ అడగలేదు. "నీ చెయ్యి అలవాటైన బండి, నువ్వే ఉంచుకో" అన్నారు. దాన్ని కోరుట్లకు తోలుకొచ్చుకున్న రోజు మా వాడకట్టు మొత్తం బయటికి వచ్చి చూసింది. గుండ్రటి ముక్కు, సోఫాలాంటి ముందు సీటు, విసిరి కొడితేగాని పడని తలుపులు. డాష్‌బోర్డు మీద ఒక చిన్న మీటరు ఉండేది. నడుమ సున్నా, ఒక పక్క ప్లస్, ఇంకో పక్క మైనస్. బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతుంటే ముల్లు ప్లస్ వైపు పోతుంది, దిగుతుంటే మైనస్ వైపు పోతుంది. డాక్టరుగారి దగ్గర అన్నేళ్ళలో కరెంటు గురించి నేను నేర్చుకున్నది ఇంతే. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది. నాకైతే పనికి రాలేదు.

మా ఆవిడ బీడీలు చేస్తుంది. చేట ఒళ్ళో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ పాడుతుంది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు పని ఆపకుండానే అందుకుంటారు. ఆ పాట ఆమెకు తల్లి నుంచి వచ్చింది. మా అత్తమ్మది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాల షెడ్లలో నూలు కండెలు చుట్టి చుట్టి, ఆ మోతకు ఆమె చెవులు పోయాయి. మనం పక్కన కూర్చుని అరిస్తే కొంత వినబడేది. మామూలుగా మాట్లాడితే మన మొహం చూసి నవ్వేది, అంతే. కొడుకు దగ్గరే ఉండేది, మోకాళ్ళ నొప్పులతో అరుగు దిగేది కాదు.

బస్సులు బందై, బడులు బందై, ఆఫీసులకు తాళాలు పడ్డ రోజులవి. రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే బంతి. ముత్యంపేట నుంచి ఆస్పత్రికి రావలసినవాళ్ళనీ, చావు కబురు అందినవాళ్ళనీ నా బండిలో తిప్పాను. వాళ్ళ పెట్రోలు వాళ్ళే పోయించుకున్నారనుకోండి, అయినా తిప్పింది నేనే. అప్పుడే కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్ళు ర్యాలీ తీద్దామనుకున్నారు. ముందు మైకు బండి కావాలి. నా బండి ఉంది. బ్యాటరీకి మైకు సెట్టు తగిలించి, నడిచే మనుషుల వేగంతో, మొదటి గేరులో నేను ముందు, వాళ్ళు వెనక బయలుదేరాం.

ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. చివరికి మా ఆవిడ మైకు పట్టుకుంది. జీవితంలో మొదటిసారి. ఒక చరణం బాగానే సాగింది. రెండో చరణంలో గొట్టాలు గురక పెట్టాయి. తర్వాత బర్రె మూలిగినట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఇంజను కూడా ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంది.

వెనక నుంచి ఎవరో అన్నారు: "వదినె, నీ జోలపాటకు బండి గూడ నిద్రవోయింది!"

నలుగురూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక నవ్వలేదు.

"అందరు మాట్లాడిండ్రు, అందరియి ఇనవడ్డయి. నా కాడికచ్చెటాలకే నీ బండికి పానం బాగలేకుంటయింది" అంది.

"బ్యాటరీ పాతదే" అన్నాను.

"బ్యాటరీ పాతదో, బండి పాతదో, తోలేటోడు పాతోడో నాకేమెర్క?"

కొన్ని రోజులకే సిరిసిల్ల నుంచి బామ్మర్ది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఫోన్ చేశాడు. బతుకమ్మ పండుగ నడుస్తోంది కదా, బతుకమ్మలతోనే ఆడవాళ్ళ ర్యాలీ ఉంది, అక్క వచ్చి పాడాలి, బావ బండి తేవాలి అన్నాడు. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ చేట ఒళ్ళోకి లాక్కుంది. ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది:

"మా అమ్మ పాటకు ఆఖరికి ఒక చరణం నేను కట్టిన. ఆమె మీదనే కట్టిన. కండెలు సుట్టుడు, చెవులు పోవుడు, మమ్ముల సాదుడు, అన్ని పెట్టిన. ర్యాలీ మా వాడ కాడికెళ్లే పోతదట. ఆడికచ్చినంక గది పాడుత. మైకులైతెనే ఆమెకు ఇనవడుతది. బండి సక్కగ చేయిస్తవా? లేదంటె చెప్పు, నేను ఎవలదన్న ట్రాక్టరెక్కి పోత."

చేయిస్తానన్నాను. చేయిస్తానని కాదు, "చేస్తా" అన్నాను. అదీ నా వరస.

జగిత్యాలలో పాత పరిచయం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. బందు రోజులు కదా, షట్టరు సగం దించి, కింద నుంచి వంగి దూరే గిరాకీలతో పని నడిపిస్తున్నాడు. మా ఆవిడ నా మీద నమ్మకం లేక తనూ వచ్చింది. కారు దిగకుండా ముందు సీట్లోనే కూర్చుంది.

భాయ్ సంగతంతా విని, బండిని లోపలికి తీసుకుని షట్టరు మళ్ళీ సగం దించి, బానెట్ ఎత్తమన్నాడు.

"డ్రైవర్ సాబ్, డైనమోకు ఉరుకుడు గావాలె. ఇంజను జోరు మీదుంటెనే కరెంటిస్తది. ర్యాలీల నువ్వు నడిసినట్టు పోతవు, గది ఇయ్యది, మైకు తాగుతనే ఉంటది. బ్యాటరీ ఎన్నడు నిండాలె? ఆల్టర్నేటరైతె బండి నిలవడ్డా సరే, ఇంజను మెల్లగ నడుస్తుంటె సాలు, కరెంటిస్తది. పాత వ్యానుదొకటి ఉన్నది నా కాడ. కూసవెడుత."

"పెట్టు మరి."

వంగి బ్యాటరీ వైపు చూసి, మళ్ళీ లేచి, మళ్ళీ వంగాడు. "అరే, గిదేంది! ప్లస్ బాడీకున్నదేంది?"

ఏ బండికైనా బ్యాటరీ ఒక కొనను సెల్ఫ్ మోటారుకు, వైర్లకు ఇచ్చి, రెండో కొనను ఇనుప బాడీకి కలుపుతారట. ఇప్పటి బండ్లన్నిటికీ మైనస్ బాడీకి పోతుంది. నా బండికి ప్లస్ పోయింది. ఇన్నేళ్ళూ నేను దాని మీద గుడ్డతో దుమ్ము తుడిచానుగాని ఏది ప్లస్సో చూడలేదు. అయినా ఊరుకోలేను కదా.

"అది ఇంగ్లండు పద్ధతి భాయ్, నాకు ముందే ఎర్కే" అన్నాను. నాకు ఎరుక లేదు.

షట్టరు కింద నుంచి ఒకరొకరే తలలు దూరాయి. టీ కప్పు చేతిలో ఉన్నాయన ప్లస్ బాడీకి ఇస్తే షాకు కొడుతుందన్నాడు. ట్రాక్టరు తోలే ఇంకొకాయన పాత బండ్లన్నీ అంతే అన్నాడు. "ఎట్ల గంతే? కరెంటు ప్లస్‌కెళ్లి గదా ఎళ్లాలె?" "ఎవలు చెప్పిండ్రు నీకు?" "మరి మైనస్‌కెళ్లి ఎళ్తదా?" ఈ వాదంలో నేను మొదట ఒక పక్క ఉండి, తర్వాత రెండో పక్కకు మారి, చివరికి ఏ పక్క ఉన్నానో మరిచిపోయాను.

టీ కప్పు ఆయన తేల్చేశాడు: "ఇండ్ల ఏమున్నది? తయారు చేసేది మనం, ప్లస్సంత బాడీకి పోతున్నది. గందుకే గదా ఉద్యమం!"

అందరూ నవ్వారు. భాయ్ నవ్వలేదు. ప్లస్ బాడీకి ఉండగా ఆల్టర్నేటర్ తగిలిస్తే కన్నుమూసి తెరిచేలోగా కాలిపోతుందని, మొత్తం తిప్పాలని తల గోక్కున్నాడు. బ్యాటరీని తిప్పి పెడితే క్లాంపులు పట్టలేదు. ప్లస్ కొన లావు, మైనస్ కొన సన్నం. లావుదానికి చేసిన క్లాంపు సన్నదాని మీద వదులుగా ఊగింది. సన్నదానికి చేసింది లావుదాని మీదికి దిగలేదు. ఒకదాన్ని ఆకురాయితో గీకి, ఇంకోదానికి సీసం రేకు చుట్టి బిగించాడు. డైనమో ఊడదీస్తే దుంగలా ఉంది. ఆల్టర్నేటర్ పొట్టి కుండలా ఉంది. దుంగ ఉన్న చోట కుండ ఎలా కూర్చుంటుంది? కొత్త పట్టీ కోసి, వాషర్లు మీద వాషర్లు వేసి, బెల్టు వరుసలోకి తెచ్చాడు. నా రెండు చేతులతో నేను చేసింది, ఆయన బోల్టు బిగిస్తుంటే కుండను కింద నుంచి పట్టుకోవడం. ఒకసారి జారవిడిచాను కూడా.

ఇంజను లేపాడు. తన చేతి మీటరు బ్యాటరీకి పెట్టి చూసి, "మాషా అల్లా, మెల్లగున్నా ఎక్కుతున్నది. ఫస్ట్‌క్లాస్" అన్నాడు. డాష్‌బోర్డు దగ్గర వంగి ఇంకేదో విప్పబోయాడు. అప్పుడే బయట జెండాలతో మోటారు సైకిళ్ళు ఆగాయి.

"భాయ్, షట్టర్ దించు! బందన్నంక బందే!"

"అరే, గిది ఉద్యమం బండే తమ్మీ! మైకు బండి!"

"అయితె ఉద్యమం బండిని ఉద్యమం కోసమే బయటికి తీయి!"

నాకు అంతకన్నా మంచి అవకాశం దొరుకుతుందా? బండిని బయటికి తీసి, రోడ్డు మీద నిలబడి ఆ కార్యకర్తలకు డైనమోకూ ఆల్టర్నేటర్‌కూ తేడా చెప్పడం మొదలుపెట్టాను. ఇంగ్లండు పద్ధతి గురించి కూడా చెప్పాను. వాళ్ళు వింటూనే ఉన్నారు, లేదా నేను దారి ఇవ్వక ఆగిపోయారేమో. ఆ సందు చూసుకుని భాయ్ షట్టరు లాగేసి, కారు కిటికీ దగ్గర వంగి మా ఆవిడతో ఏదో చెప్పాడు. నేను చూశాను. వినలేదు.

మర్నాడు పొద్దున కోరుట్ల నుంచి బయలుదేరాం. తాళం తిప్పగానే ఇంజను లేచింది. కళ్ళు అలవాటుగా మీటరు మీదికి పోయాయి. ముల్లు మైనస్ వైపు పడి ఉంది.

ఎక్కుతుందన్నాడు కదా, దిగుతోందేమిటి? కథలాపూర్ దాటాం, అలాగే ఉంది. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ముల్లు మీద. రుద్రంగి దగ్గర మా ఆవిడ బండి గురించి ఏదో ఎత్తింది. "బండి సంగతి నాకిడువు, నువ్వు పాట సూస్కో" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి పెదవులు కదిలిస్తూ చరణాలు చెప్పుకుంది. వేములవాడ వచ్చేసరికి ముల్లు మెల్లమెల్లగా సున్నా దగ్గరికి వచ్చి నిలిచింది. కొత్త సామాను కదా, సర్దుకోవడానికి టైము పట్టి ఉంటుందని గట్టిగా ఊపిరి తీసుకున్నాను.

సిరిసిల్ల ఎప్పుడు పోయినా ఊరికి ముందే సాంచాల చప్పుడు ఎదురు వచ్చేది. ఆ రోజు అన్నీ బందు. ఊరు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెన్నడూ చూడలేదు. మా ఆవిడ ముందు తల్లి దగ్గరికి పోయి, ఆమెకు మంచి చీర కట్టి, అరుగు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టింది. "ఈడికెళ్లే పోతం. మైకుల పాడుత. ఇను" అని చెవి దగ్గర అరిచి చెప్పింది. అత్తమ్మ తల ఊపి, అప్పటినుంచే చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అరుగు ఆ వాడ లోపలి కొసకు ఉంది. ర్యాలీ వాడ మొగదాకా, అంటే వాడ రోడ్డుకు కలిసే చోటుదాకా వస్తుంది.

ర్యాలీ కదలడానికి చాలా ఆలస్యమైంది. బతుకమ్మలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఇంజను ఆపి, మైకు సెట్టు తీగను బండి ఫ్యూజులకు తగిలించి, "హలో, హలో" అంటున్నారు. ఊరికే మీటరు వైపు చూశాను. ముల్లు ప్లస్ వైపు ఉంది.

ఇంజను ఆగి ఉంది. మైకు నడుస్తోంది. ముల్లు ప్లస్‌లో ఉంది! కళ్ళు నులుముకుని చూశాను. పరీక్షకని హెడ్‌లైట్లు వేశాను. ముల్లు ఇంకా ప్లస్ వైపు జరిగింది. ఆర్పాను, వెనక్కి వచ్చింది. వేశాను, ముందుకు పోయింది.

నాకు బుర్ర తిరిగింది. కానీ తిరిగిన బుర్రలోనే ఒక ఆలోచన మెరిసింది. బ్యాటరీని తిప్పేశాడు కదా భాయ్. ప్లస్ మైనస్ అయింది, మైనస్ ప్లస్ అయింది. అంటే అన్నీ తిరగబడి ఉంటాయి. ఇంజను నడిస్తే దిగుతుంది, ఆపితే ఎక్కుతుంది. లైట్లు వేస్తే ఇంకా ఎక్కుతుంది. ఇది ఎంత వింతగా ఉన్నా, మీటరు అబద్ధం చెప్పదు కదా! అందుకే హెడ్‌లైట్లు ఆర్పకుండా ఉంచేశాను.

బామ్మర్దిని పిలిచి చూపించాను. వాడు సాంచాలు నడిపే మనిషి, మోటార్లతో రోజూ పనే.

"ఇంజను బందున్నది గదా బావా, కరెంటు ఏడికెళ్లి అస్తున్నది?"

"గదే ఆల్టర్నేటర్ అంటె."

"గాలికెళ్లా?"

"నీకు సమజ్ గాదు. కొత్త పద్ధతి."

"మరి గంత మంచిదైతె మా సాంచాలకు గూడ ఒకటి పెట్టియ్యరాదు? కరెంటు బిల్లన్న తప్పుతది."

ఆ ఎగతాళి నాకు ఎక్కలేదు. ర్యాలీ కదిలింది. ఇంజను లేపాను. ముల్లు ధడాలున మైనస్ వైపు పడింది, పొద్దున పడ్డదానికంటే ఎక్కువ. కోరుట్లలో గొట్టాలు మూలిగిన చప్పుడు చెవుల్లో మోగింది. బండి పక్కనే నడుస్తూ మా ఆవిడ, చేతిలో మైకు, తీగ కిటికీలోంచి లోపలికి. ఇంకా వాడ రాలేదు. ఇప్పుడే ఇంత దిగుతుంటే వాడ దాకా ఉంటుందా? ఇంజను ఆపేశాను. ముల్లు ప్లస్‌కు వచ్చింది. ప్రాణం లేచి వచ్చింది.

బామ్మర్ది పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది బావా?"

"ఏంగాలే. మనుషుల్ని పిలువు, నెట్టాలె. ఇంజను నడిస్తె బ్యాటరీ దిగుతున్నది."

"బండి అంటెనే ఇంజను గదా బావా!"

"నెట్టుమన్నా గదా!"

నెట్టారు. నెట్టినవాళ్ళకు కారణం తెలియదు. అడగలేదు కూడా. ముందున్నాయన ఎవరో మైకు అందుకుని, ఈ బండిని పెట్రోలు నడపడం లేదు, ప్రజలు నడుపుతున్నారు అని అరిచాడు. చప్పట్లు, ఈలలు. ఇంకో నలుగురు వచ్చి భుజం ఆనించారు. నేను స్టీరింగు పట్టుకుని నిటారుగా కూర్చున్నాను. కాసేపటికి నాకే అనిపించింది, ఉద్యమం మీది ప్రేమతోనే నెడుతున్నారని. ఆ కాసేపు అనిపించిందే ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను.

మా ఆవిడ ఎత్తుకుంది. ఒక్కో చరణానికీ వెనక ఆడవాళ్ళు అందుకున్నారు. ఆ గొంతు సాంచాలు ఆగిన షెడ్ల రేకులకు తగిలి తిరిగి వచ్చేది. పాట వింటూ నేను మీటరు చూస్తున్నాను. ముల్లు ప్లస్‌లోనుంచి మెల్లగా సున్నా వైపు జరుగుతోంది. వేములవాడలో కూడా ఇలాగే సున్నాకు వచ్చి నిలిచింది కదా, బ్యాటరీ నిండుతోందని సంతోషించాను. హెడ్‌లైట్ల వెలుగు పసుపు పచ్చగా మారింది. పూల రంగు పడుతోంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

వాడ మొగకు వచ్చాం. ముందటి చరణం అయిపోయింది. మా ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, తన చరణం ఎత్తుకుంది. మొదటి మాట మైకులో వచ్చింది. రెండో మాటకు గొట్టాలు మూలిగాయి. మూడో మాటకు ఏమీ లేదు.

తాళం తిప్పాను. సెల్ఫ్ టక్కుమంది.

ఆమె నా వైపు చూసింది. మైకును బానెట్ మీద పూలలో పెట్టింది. పెట్టి, ఆ మాట దగ్గరినుంచే వట్టి గొంతుతో పాడింది. చుట్టూ ఉన్నవాళ్ళు అందుకున్నారు, వాళ్ళ వెనకవాళ్ళు అందుకున్నారు. చాలామందికి మైకు ఆగిందనే తెలియలేదేమో.

నేను దిగి వాడలోకి నడిచాను. ఆవిడ ఎదురుగా నిలబడే ధైర్యం లేక అని చెప్పడమే సరైన మాట. అరుగు మీద అత్తమ్మ అలాగే ఉంది, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, వాడ మొగవైపు చూస్తూ. దగ్గరికి పోయి అరిచాను:

"అత్తమ్మా! నీ బిడ్డ పాట ఇన్నవా?"

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. "ఇన్న కొడుకా. మంచిగ పాడింది" అంది.

ఆ మాట నాకు చాలు. బండిని వాడ మొగలోనే వదిలేసి, ఆ పూటంతా నిశ్చింతగా తిరిగాను.

బ్యాటరీ చార్జింగు పెట్టించుకుని వచ్చి, మళ్ళీ జగిత్యాల పోయాను. భాయ్ మీద గట్టిగానే లేచాను. నీ ఆల్టర్నేటర్ ఇంజను నడిస్తే దించుతుంది, ఆపితే ఎక్కిస్తుంది అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"యా అల్లా! మీటర్ తీగలు మార్చలే గదా డ్రైవర్ సాబ్. బ్యాటరీ తిప్పితె ముల్లు గూడ ఉల్టా చూపిస్తది. మైనసున్నప్పుడే ఎక్కుతున్నట్టు. షట్టర్ దించుమన్నరని అప్పుడు మార్చనీకె కాలే. అక్కకు చెప్పిన గదా, సాబ్‌కు చెప్పమని!"

డాష్‌బోర్డు విప్పి, రెండు తీగలు అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఇంజను లేపితే ముల్లు ప్లస్ వైపు పోయింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది. ఇప్పటికీ ఆ ముల్లు ఎటు పోయినా నాకు నమ్మకం లేదు. ప్లస్‌లో ఉంటే మైనస్సేమో అనుకుంటాను, మైనస్‌లో ఉంటే ప్లస్సేమో అనుకుంటాను. బండి మాత్రం మంచిగానే నడుస్తోంది.

తెలంగాణ వచ్చింది. వచ్చేనాటికి అత్తమ్మ లేదు. అయినా, మైకు ఆగినా, బ్యాటరీ పోయినా, ఆ తల్లి తన బిడ్డ పాట విన్నది, ఆ ఒక్క తృప్తి మిగిలింది అని రాసి ముగించాను.

ముగించి, మా ఆవిడకు మొదటినుంచీ చదివి వినిపించాను. చేట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ వింది. రథం దగ్గర ముక్కుతో నవ్వింది. ఇంగ్లండు పద్ధతి దగ్గర మళ్ళీ నవ్వింది. భాయ్ మాట దగ్గర కత్తెర ఆపింది.

"రుద్రంగి కాడ గదే చెప్పవోతి. బండి సంగతి నాకిడువంటివి."

"అవును, అది రాసిన గదా."

"ఆఖరిది మల్ల సదువు."

చదివాను. ఆ తల్లి తన బిడ్డ పాట విన్నది.

"ఇనలే" అంది.

"నాతో చెప్పింది గదనే. ఇన్న కొడుకా అన్నది."

"నీ మొహం జూసి అన్నది. దొంగతనం జేసి అచ్చినట్టు నిలవడితివట. అల్లుని మనసు కష్టపెట్టద్దని అన్నదట, నాతోని చెప్పింది. 'అంతమంది మూతులు కదులుతున్నయి, నా చెవులల్ల ఏం పడలే బిడ్డా' అన్నది. నేను ఆ రాత్రే ఆమె చెవుల నోరువెట్టి ఆ చరణం మొత్తం పాడిన. ఇని, 'గింత మంచిదాన్ని మైకుల పాడకపోతివి బిడ్డా' అన్నది. గట్ల రాయి."